అడిగితే పద్యం, అడగకుంటే పద్యం

సొంతంగా పొంగిన భావంతో రాసే పద్యం పైనుంచి కిందికి నడుస్తుంది. ఎవరో అడిగితే చెప్పే పద్యాన్ని కిందినుంచి పైకి కట్టాలి. సమస్యాపూరణం, అంటే ఎవరో ఇచ్చిన చిక్కు పాదంతో ముగిసేలా పద్యం కట్టడం, మొదలుపెట్టిన వాళ్లు తడబడేది ఇక్కడే. మొదటి పాదం అందంగా ఎత్తుకుంటారు, మూడో పాదానికి వచ్చేసరికి ఇచ్చిన పాదంతో లంకె కుదరదు.

ఒక సమస్య తీసుకుందాం:

నీరు నిప్పు నార్ప నేరదయ్యె

ముందు వేళ్ల మీద గణాలు లెక్కపెట్టండి. నీరు, నిప్పు, నార్ప, నేర, దయ్యె: అయిదూ గురువు, లఘువు. అంటే అయిదు సూర్యగణాలు, ఆటవెలది నాలుగో పాదం. పాదం మొదటి అక్షరానికి నాలుగో గణం మొదటి అక్షరం జత కుదరడమే యతి, ఇక్కడ నీ-నే యతి కూడా సరిపోయింది. ఈ పరీక్ష చేయకుండా సమస్య ఒప్పుకోవద్దు. గణం తప్పిన పాదాన్ని పూరించే ఉపాయం ఎవరి దగ్గరా లేదు, తప్పు మాత్రం చివరికి మీ పద్యం మీద పడుతుంది.

తర్వాత అసంగతం ఎక్కడుందో వెతకాలి. నీరు నిప్పును ఆర్పలేకపోవడం ఏమిటి? దీన్ని విప్పడానికి మూడు దారులున్నాయి. మొదటిది పురాణం: సముద్రంలో ఉన్నా బడబాగ్ని ఆరదు. రెండోది, ఆ మాట పిచ్చివాడో తాగినవాడో అన్నాడని తప్పుకోవడం. మొదటిసారి సభ నవ్వుతుంది, రెండోసారి ఆవులిస్తుంది. మూడోది, సమస్యలోని మొదటి మాటకు ముందు పాదం చివర ఒక అక్షరం తగిలించి అర్థం మార్చడం. ఇక్కడ 'కన్' చేరిస్తే నీరు కన్నీరవుతుంది. అప్పుడు నిప్పు కూడా కడుపుమంటగా మారుతుంది.

మూడో పాదం 'కన్'తో ముగియాలని తేలింది కాబట్టి ముందు దాన్నే రాసుకోవాలి. ఆటవెలది 1, 3 పాదాల్లో మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు. చివరి ఇంద్రగణం గురువుతో ముగియాలంటే రగణమో (గురువు, లఘువు, గురువు), నగమో (మూడు లఘువులు, గురువు) కావాలి. 'రాలు కన్' రగణం. దాని ముందు 'చినుకయి' అంటే నలం (నాలుగు లఘువులు), నాలుగో గణం అదే, కాబట్టి పాదం చి, చీ, చె, చేలలో ఒకదానితో మొదలైతే యతి కుదురుతుంది. 'చెంప' దొరికింది. ఇక పైకి వెళ్లి ఏడ్చేది ఎవరో చెబితే చాలు:

కొడుకు దూరమైన కుమిలెడి తల్లికి
మనసు మండుచుండె మాపు రేపు
చెంపమీదఁ జారి చినుకయి రాలు కన్
నీరు నిప్పు నార్ప నేరదయ్యె

'కన్' మూడో పాదంలోనే ఆగిందని చూడండి. 'క' మాత్రం పైన ఉంచి కింద 'న్నీరు' అని మొదలుపెడితే ఇచ్చిన పాదం మారిపోయినట్టే, పృచ్ఛకుడు (సమస్య ఇచ్చినవాడు) ఊరుకోడు. ఎనిమిది మంది పృచ్ఛకులకు ఒకే సభలో బదులు చెప్పే అష్టావధానంలో అయితే ఒక్కో ఆవృత్తికి (చుట్టుకు) ఒక్కో పాదం చెబుతారు. మూడో పాదం ముగింపు మనసులో ఖాయం కాకుండా మొదటి పాదానికి నోరు విప్పకూడదు. విప్పితే మూడో ఆవృత్తిలో ఇరుక్కుంటారు.

కొత్తవాళ్లు మొదట ఆరు నెలలు ఆటవెలది, తేటగీతి సమస్యలే తీసుకోవడం మంచిది. వాటికి ప్రాస నియమం లేదు. కందంలోనూ, ఉత్పలమాల, శార్దూలం లాంటి వృత్తాల్లోనూ ఇచ్చిన పాదంలోని రెండో అక్షరమే మిగతా మూడు పాదాల ప్రాసను శాసిస్తుంది. పైగా మొదటి అక్షరం గురువైతే నాలుగు చోట్లా గురువే, లఘువైతే లఘువే. అందుకే అలాంటి సమస్య రాగానే భావం సంగతి పక్కనబెట్టి, ఆ ప్రాసతో ఆరేడు మాటలు వరసగా రాసుకోండి. మూడు కూడా దొరక్కపోతే ఆ సమస్య మీకు ఇంకా బరువే. సాధనకు రోజుకొక సమస్య చాలు. మొదట పావుగంట పెట్టుకుని, నెమ్మదిగా అయిదు నిమిషాలకు దింపండి.

దత్తపది అంటే ఇచ్చిన కొన్ని మాటలు వచ్చేలా పద్యం చెప్పడం. అందులో ఇచ్చిన మాటను ముక్కగా దాచడమే పని. పూరి, వడ, దోసె, సాంబారు ఇచ్చి శివస్తుతి చెప్పమన్నారనుకోండి. శంఖం 'పూరి'స్తే పూరి దొరికింది. 'వడ'కుతూ నిలిస్తే వడ, 'దోసె'డు నీళ్లు పోస్తే దోసె. 'సాంబా! రుద్రా!' అని పిలిస్తే సాంబారు కూడా వడ్డించినట్టే. కష్టమైన మాటను ముందు దాచేయాలి, ఎందుకంటే ఛందస్సును నిర్ణయించేది అదే. సులువైనవి ఎక్కడైనా సర్దుకుంటాయి.

పెళ్లి పంచరత్నాలు, షష్టిపూర్తి పద్యాలు, సన్మాన పత్రాలు వేరే రకం. ఇక్కడ చిక్కు పేర్లతో వస్తుంది. ఉత్పలమాల, చంపకమాలల్లో పాదం లోపల ఎక్కడా రెండు గురువులు పక్కపక్కన రావు. కాబట్టి సుబ్బారావుగారిని ఉత్పలమాలలో కూర్చోబెట్టాలని రాత్రంతా కుస్తీ పట్టినా లాభం లేదు, శార్దూలం మొదట్లో ఆయన హాయిగా కూర్చుంటారు. వెంకటేశ్వర్లు గారికి శార్దూలంలో 14వ అక్షరం నుంచి చోటుంది. ఒప్పుకునే ముందే పూర్తి పేరు, ఇంటిపేరు, పిలుపు పేరు, ఊరు, ఆ మనిషికే చెందిన ఒక్క విషయం అడగండి. 'సద్గుణసంపన్నుడు' ఎవరికైనా అతుకుతుంది. ముప్పై ఏళ్లు ఒకే బడిలో లెక్కలు చెప్పాడన్నది ఆయనకే అతుకుతుంది. ఎన్ని పద్యాలో, సంభావన ఎంతో ముందే మాట్లాడుకోండి. పద్యాలు పూర్తయ్యాక మాట్లాడితే ఇద్దరికీ మొహమాటమే. వ్యక్తులను దూషించమనేవి, బూతు ధ్వనించే సమస్యలు మర్యాదగా వద్దనేయవచ్చు.

ఇక సొంత పద్యం. దీనికి ఛందస్సు ముందు ఎంచుకోకండి. చెప్పదలచినదాన్ని ఒక వచన వాక్యంగా రాసి, అందులో తీసేస్తే ప్రాణం పోయే మాట ఏదో గుర్తించండి. ఆ మాట గణమే ఛందస్సును చెబుతుంది. 'కన్నీరు' తగణం (రెండు గురువులు, లఘువు), ఉత్పలమాలలో పట్టదు. అడిగిన పద్యమైతే 'కన్నుల నీరు' అని సర్దేస్తాం, అది ఉత్పలమాల ఎత్తుగడకు సరిగ్గా సరిపోతుంది. మీ పద్యానికి 'కన్నీరు' అన్న మాటే కావాలనుకుంటే మార్చాల్సింది మాటను కాదు. తేటగీతికో శార్దూలానికో వెళ్లండి.

అడిగినవి ఎక్కువగా రాసేవాళ్లకు ఒక జబ్బు పట్టుకుంటుంది. 'మ'కు యతి కావాలంటే 'మహిన్', 'ధ'కు 'ధరన్', ఏదీ తోచకపోతే 'వేడ్కతోన్', 'చక్కగన్' చేతికి అలవాటుగా వచ్చేస్తాయి. సభలో అలాంటివి ఒకటి రెండు దొర్లినా ఎవరూ పట్టించుకోరు. సొంత పద్యంలో ఒక్కటి కూడా ఉండకూడదు. రాసిన మర్నాడు ఎర్ర పెన్సిలుతో ఈ ఊతపదాలకు సున్న చుట్టండి. సున్న పడిన పాదాన్ని అతకడం కంటే మొత్తం తిరగరాయడమే తేలిక.

తిరుపతి వేంకట కవులు, అంటే దివాకర్ల తిరుపతి శాస్త్రి (1872-1920), చెళ్లపిళ్ల వేంకట శాస్త్రి (1870-1950), అవధానాలతో ఆంధ్రదేశమంతా తిరిగారు. జనం నోట ఎక్కువగా నిలిచినవి మాత్రం తీరిగ్గా రాసిన వారి నాటక పద్యాలే. అలాగని అవధానం వృథా అనుకోనక్కర్లేదు, మాట మీద ఆ పట్టు అక్కడ కూడా వస్తుంది. రెండు నోటు పుస్తకాలు పెట్టుకోండి. అడిగినవి ఒకదానిలో, అడగనివి మరొకదానిలో. వారానికి రెండు ఉదయాలు మొదటి పుస్తకం తెరవకండి, ఫోనులో ఎవరి ముహూర్తం ఎంత దగ్గరపడినా సరే.

సన్మాన పత్రం అచ్చుకు వెళ్లే ముందు ప్రూఫు మీరే చూడాలి. టైపు చేసేవాళ్లు పొల్లు 'న్' అనవసరమని తీసేస్తారు, ఫ్రేములో పట్టడం లేదని పాదాన్ని రెండు ముక్కలు చేస్తారు. పైన చెప్పిన ఆటవెలదిలో 'కన్' చివర పొల్లు పోతే రగణం భగణమై (గురువు, రెండు లఘువులు) ఛందస్సు బతికిపోతుంది. కన్నీరు మాత్రం 'కనీరు' అయి కూర్చుంటుంది.