సియోల్‌లో నల్ల నూడుల్స్ తినడం ఎలా?

సియోల్‌లోని మ్యోంగ్‌డాంగ్‌లో చైనా ఎంబసీ చుట్టుపక్కల సందుల్లోకి వెళ్తే చిన్న నూడుల్స్ హోటళ్లు కనిపిస్తాయి. పేరుకు చైనా హోటళ్లే. కానీ చైనాలోని షాన్‌డాంగ్ నుంచి కొరియాలోని ఇంచియాన్ రేవుకు వలస వచ్చినవాళ్ల వంట, కొరియా వాళ్ల నోటికి తగ్గట్టు మారిపోయింది. మన గోబీ మంచూరియా ఎంత చైనాదో ఇదీ అంతే.

మధ్యాహ్నం 12 నుంచి 1 వరకు ఆఫీసు జనంతో కిటకిటలాడుతుంది, ఆ గంట తప్పించుకోండి. లోపలికెళ్లి కూర్చున్నాక చెంచాలు, చాప్‌స్టిక్స్ కనపడకపోతే టేబుల్ పక్కన సొరుగు లాగి చూడండి. మంచినీళ్లు చాలా చోట్ల మనమే లేచి వెళ్లి తెచ్చుకోవాలి. పిలవడానికి టేబుల్ మీద బెల్ ఉంటే నొక్కండి, లేకపోతే "యోగియో!" అని గట్టిగా అనండి. ఇక్కడ అది అమర్యాదేం కాదు.

ఇక ఆర్డర్. జాజాంగ్‌మ్యోన్ అంటే నల్లటి సోయా ముద్దలో ఉల్లిపాయ, పంది మాంసం వేయించి నూడుల్స్ మీద పోసేది. కారం ఉండదు, కాస్త తియ్యగా ఉంటుంది. జాంపోంగ్ అంటే రొయ్యలు, ఆల్చిప్పలు లాంటివి వేసిన ఎర్రటి, ఘాటైన పులుసు నూడుల్స్. తేల్చుకోలేకపోతే గిన్నెకు మధ్యలో అడ్డుగోడ ఉండి రెండూ వచ్చే జాంజామ్యోన్ అడగండి. ఆకలి ఎక్కువగా ఉంటే "గోప్‌పేగి" అంటే చాలు, కొంచెం ఎక్కువ డబ్బుకు ఎక్కువ నూడుల్స్ వస్తాయి. నలుగురు వెళ్తే తాంగ్సుయుక్ కూడా చెప్పండి. అది తీపి పులుపు సాస్‌తో ఇచ్చే పంది వేపుడు. అయితే సాస్ ముక్కల మీద గుమ్మరించాలా, ముంచుకు తినాలా అన్నది అక్కడ పెద్ద తగువు, పక్కవాళ్లను అడక్కుండా మాత్రం పొయ్యకండి.

పంది తినని వాళ్లు, శాకాహారులు ముందే అడగాలి. పైకి ముక్క కనపడకపోయినా వేయించడానికి పంది కొవ్వు వాడే చోట్లు ఉన్నాయి.

గిన్నె రాగానే ఫొటోల కోసం ఆగకండి, నూడుల్స్ ముద్దకట్టేస్తాయి. చెరో చేతిలో ఒక చాప్‌స్టిక్ పట్టుకుని అడుగు నుంచి పైకి ఎత్తి ఎత్తి కలపండి. తెల్లటి పోగు ఒక్కటి కూడా కనపడకూడదు, అప్పుడే రుచి. చప్పగా అనిపిస్తే టేబుల్ మీదున్న ఎండు కారం చల్లుకోండి, అక్కడివాళ్లూ చల్లుకుంటారు.

పక్కన పసుపు రంగు ముల్లంగి ఊరగాయ, పచ్చి ఉల్లిపాయ, కొంచెం నల్ల ముద్ద పెడతారు. ముల్లంగి మీద వెనిగర్ చల్లుకోండి, ఉల్లిపాయను ముద్దలో అద్దుకోండి. అయిపోతే మళ్లీ అడగొచ్చు, డబ్బులు తీసుకోరు.

బిల్లు కౌంటర్ దగ్గర కట్టాలి, టిప్ అక్కర్లేదు. కట్టే ముందు మాత్రం ఫోన్ కెమెరాలో మూతి చూసుకోండి. నేను మొదటిసారి అలాగే మెట్రో ఎక్కి, నాలుగు స్టేషన్ల తర్వాత కిటికీ అద్దంలో నా నల్ల మీసం చూసుకున్నాను.