పిల్లి మొక్క కొరికిందా? సొల్లు, వాంతి, నీరసం: దేనికి ఆగొచ్చు, దేనికి ఆగకూడదు

హన్మకొండలో ఏ గల్లీకి పోయినా గేటు పక్కన గన్నేరు, కిటికీలో సీసా నిండా మనీ ప్లాంట్ కనిపిస్తాయి. పిల్లికి రెండూ పడవు. కానీ ఒకటి నోరు మండిస్తుంది, ఇంకోటి గుండె ఆపేస్తుంది.

సమస్య: సొల్లు కారుతోంది, కాలితో మూతి గీక్కుంటోంది
మనీ ప్లాంట్, డిఫెన్‌బేకియా, ఆగ్లోనిమా, పీస్ లిల్లీ వీటిలో ఏదో ఒకటి కొరికి ఉంటుంది. ఆకుల్లో ఉండే సన్నటి కాల్షియం ఆక్సలేట్ సూదులు నాలుకకు గుచ్చుకుంటాయి, చామగడ్డ సరిగ్గా ఉడకకపోతే మన గొంతు దురద పెట్టేదీ వీటివల్లే. తడిగుడ్డతో నోరు తుడిచి నీళ్లు పెట్టండి, టెన్షన్ పడకండి, మామూలుగా కొన్ని గంటల్లో తగ్గిపోతుంది. నాలుక వాచినా, ఊపిరికి ఇబ్బంది పడుతున్నా మాత్రం డాక్టర్ దగ్గరికే.

సమస్య: వాంతులు, విరేచనాలు
కలబంద తొక్క కింద ఉండే పసుపు రసం, చామంతి ఆకులు, పూలు. బతుకమ్మ రోజుల్లో ఇంటినిండా పూలు పోసి ఉంటాయి కాబట్టి ఆ గదికి తలుపు వేసుకోవడం మేలు. గడ్డి తిని వెంట్రుకలతో ఒకసారి కక్కితే అది పిల్లుల అలవాటే, వదిలేయండి. వాంతులు ఆగకపోయినా, తిండి ముట్టకపోయినా ఆరోజే చూపించాలి.

సమస్య: కక్కింది, డల్‌గా పడుకుంది, మళ్లీ బాగానే తిరుగుతోంది
ఇంట్లో లిల్లీ బొకే ఉంటే ఇదే అసలు ప్రమాదం. పెద్ద రేకుల లిల్లీలు (లిలియం జాతివి, పైన చెప్పిన పీస్ లిల్లీ కాదు), డే లిల్లీలు పిల్లి కిడ్నీలను దెబ్బతీస్తాయి. ఆకు తిననక్కర్లేదు, ఒంటికి అంటిన పుప్పొడి నాకినా చాలు, ఫ్లవర్ వాజులో నీళ్లు తాగినా చాలు. మధ్యలో తేరుకున్నట్టే ఉంటుంది, చూసి మనం ఊరుకుంటాం, ఒకటి నుంచి మూడు రోజుల్లో మూత్రం ఆగిపోతుంది. లక్షణాల కోసం చూడకుండా వెంటనే తీసుకెళ్తే సెలైన్ ఎక్కించి కాపాడే అవకాశం బాగా ఉంటుంది, 18 గంటలు దాటాక ఆ అవకాశం చాలా తగ్గుతుంది. పుప్పొడి కనిపిస్తే నాకకముందే తడిగుడ్డతో తుడిచేయండి.

సమస్య: వాంతులతో పాటు తూలుతోంది, గుండె మరీ నెమ్మదిగా లేదా గతి తప్పి కొట్టుకుంటోంది
గన్నేరు. తెలుపు, ఎరుపు, పచ్చ గన్నేరు అన్నీ అంతే. కొట్టేసి మూలన పడేసిన ఎండుటాకుల్లోనూ విషం పోదు. ఒక్క నిమిషం ఆగకండి.

చిగుళ్లు, కళ్లు పచ్చబడితే సైకాస్ తిని లివర్ దెబ్బతిందేమో అనుమానించండి. పామ్ పేరుతో అమ్ముతారు గానీ అది పామ్ కాదు, గింజ మరీ విషం.

కక్కించాలని ఉప్పునీళ్లు పట్టించడం, పాలు, నూనె పోయడం వద్దు, మీ సొంత వైద్యంతో కేసు ఇంకా పాడవుతుంది. పారాసిటమాల్ ఇస్తే అదే పిల్లిని చంపుతుంది. కొరికిన కొమ్మ ఒకటి కవర్లో వేసుకోండి, ఎప్పుడు తిన్నదో గుర్తు పెట్టుకోండి. మామునూరు వెటర్నరీ కాలేజీ దగ్గరైనా, ప్రైవేటు క్లినిక్ దగ్గరైనా, పిల్లులను చూసే డాక్టర్ ఆ టైంకి ఉన్నారో లేదో ముందే ఫోన్ చేసి కనుక్కొని బయల్దేరండి.

కుండీని పైన వేలాడదీస్తే అందదులే అనుకోకండి, అది ఫ్రిజ్ మీది నుంచి దూకుతుంది. మల్లె, గులాబీ, అరేకా పామ్, స్పైడర్ ప్లాంట్ పెట్టుకుంటే కొరికినా భయం లేదు, స్పైడర్ ప్లాంట్ మాత్రం మిగలదు.