టీకా తర్వాత భుజం దెబ్బతింటే పరిహారం కోరే విధానం

సూదిని భుజంపై మరీ ఎత్తున గుచ్చితే, మందు కండరంలోకి కాకుండా కీలు చుట్టూ ఉన్న కణజాలంలోకి చేరి, నెలలు గడిచినా చెయ్యి పైకి లేవనంత నొప్పి మిగలవచ్చు. టీకాల వల్ల కలిగే గాయాలకు పరిహారమిచ్చే అమెరికా ప్రభుత్వ పథకం, తన గాయాల పట్టికలో 2017 నుంచి దీన్ని గుర్తిస్తోంది. నొప్పి 48 గంటల్లోపు మొదలై ఉండాలన్నది అక్కడి షరతు. ఆ పథకం మనకు వర్తించదు గానీ, నొప్పి ఎప్పుడు మొదలైందన్నది ఇక్కడా కీలకమే కనుక ఆ తేదీని, వేళను వెంటనే రాసిపెట్టుకోవాలి.

హైదరాబాద్‌లో డబ్బు చెల్లించి ప్రైవేటు ఆసుపత్రిలో టీకా వేయించుకున్నవారు, 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం కింద, ఫిర్యాదుకు కారణం తలెత్తిన నాటి నుంచి 2 సంవత్సరాల్లోపు జిల్లా వినియోగదారుల కమిషన్‌ను ఆశ్రయించవచ్చు. చెల్లించిన సొమ్ము 5 లక్షల రూపాయలు దాటకపోతే ఫిర్యాదుకు రుసుము లేదు. అందరికీ ఉచితంగా వేసే కేంద్రాల సేవలు మాత్రం, 1995 నాటి సుప్రీంకోర్టు తీర్పు ప్రకారం, వినియోగదారుల చట్టం పరిధిలోకి రావు. అక్కడ టీకా వేయించుకున్నవారు సివిల్ కోర్టు విషయమై న్యాయవాదిని సంప్రదించాలి.

అన్నిటికన్నా కష్టమైనది నిర్లక్ష్యాన్ని నిరూపించడం. నొప్పి ఒక్కటే చాలదు. రసీదు, టీకా ధ్రువపత్రం, ఎంఆర్ఐ నివేదికలతో పాటు, సంబంధం లేని మరో ఎముకల వైద్యుడి లిఖితపూర్వక అభిప్రాయం తీసుకోవడం మంచిది. ఆసుపత్రిలోని వైద్య రికార్డులను రాతపూర్వకంగా కోరితే 72 గంటల్లో ఇవ్వాలి. ఆ దరఖాస్తు నకలుపై స్వీకరణ ముద్ర వేయించుకోవడం మరువకూడదు.