అమ్మానాన్నలతో ట్రైల్ రిడ్జ్ రోడ్డు ఎక్కే ముందు

కొలరాడోలో రాకీ మౌంటెన్ నేషనల్ పార్కుకు వెళ్తున్నామంటే అందరూ మొదట అడిగేది అక్కడి కొండదారి మలుపుల గురించే. పార్కు మీదుగా వెళ్లే ట్రైల్ రిడ్జ్ రోడ్డులో లోయ పక్కన చాలాచోట్ల అడ్డుగోడ ఉండదు, నిజమే. కానీ ఇండియా నుంచి వచ్చిన పెద్దవాళ్లు కార్లో ఉంటే మలుపులకన్నా ఎత్తుకే ఎక్కువ భయపడాలి. ఈ రోడ్డు 12,183 అడుగుల దాకా ఎక్కుతుంది. డెన్వర్‌లో విమానం దిగిన రోజే పైకి తీసుకెళ్తే తలనొప్పి, వికారం, ఆయాసం రావచ్చు. 7,522 అడుగుల ఎత్తున్న ఎస్టెస్ పార్క్ ఊళ్లో కనీసం ఒక రాత్రి ఉండి, మర్నాడు వెళ్లండి.

గుండె జబ్బు, ఆస్తమా, బీపీ ఉన్నవాళ్లు ముందుగా డాక్టర్‌ని అడగాల్సిందే. మందులు డిక్కీలోని సూట్‌కేసులో కాకుండా చేతిసంచిలో ఉంచండి. దాహం వేయకపోయినా నీళ్లు తాగుతూ ఉండాలి. రోడ్డు పైభాగంలో ఉన్న ఆల్పైన్ విజిటర్ సెంటర్ (సందర్శకుల కేంద్రం) పక్కన ఒక మెట్లదారి ఉంది. చూడ్డానికి చిన్నదే, కానీ అక్కడ పాతికేళ్లవాళ్లకే రొప్పు వస్తుంది. నాన్నగారు ఎంత ఉత్సాహపడినా వద్దనండి. ఎవరికైనా ఒంట్లో బాగోలేకపోతే "కాసేపు కూర్చుంటే తగ్గుతుందిలే" అనుకోవద్దు, వెంటనే కిందికి దిగండి. మాట తడబడినా, నడక తూలినా అది ఎమర్జెన్సీ. ఫోన్ సిగ్నల్ చాలాచోట్ల ఉండదు కాబట్టి మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసుకోండి.

రోడ్డు సాధారణంగా మే చివర్లో తెరుస్తారు, అక్టోబర్ మధ్యకల్లా మూస్తారు. ఎండాకాలంలోనూ మంచు పడి కొన్ని గంటలు ఆపేస్తుంటారు. అందుకే బయల్దేరే రోజు పొద్దున పార్కు వెబ్‌సైట్ చూడండి. ఈమధ్య వేసవుల్లో ప్రవేశానికి టైమ్ స్లాట్ కూడా బుక్ చేసుకోవాల్సి వస్తోంది. మీరు వెళ్లే ఏడాది నిబంధన ఏమిటో టికెట్లు కొనకముందే తెలుసుకోండి.

పొద్దున్నే ఎక్కి, మధ్యాహ్నానికల్లా దిగడం మంచిది. దాదాపు 11 మైళ్లు చెట్టన్నదే లేని ఎత్తులో నడుస్తుంది ఈ రోడ్డు. మధ్యాహ్నం ఉరుములు, పిడుగులు మామూలు. ఉరుము వినిపిస్తే ఫొటోలు ఆపేసి కారెక్కి అద్దాలు ఎత్తేయండి. జూలైలో కూడా స్వెటర్లు, బూట్లు ఉండాలి.

పార్కులో పెట్రోల్ బంకు లేదు, ఎస్టెస్ పార్క్‌లోనే ట్యాంకు నింపుకోండి. దిగేటప్పుడు లో గేర్ వేయండి, బ్రేకు అదేపనిగా తొక్కి ఉంచొద్దు. మాడిన వాసన వస్తే పక్కన ఆపి చల్లారనివ్వాలి. నడిపేవాళ్లు లోయ చూడాలంటే కారు ఆపుకునే చోటే చూడాలి. ఎల్క్ (పెద్ద దుప్పి లాంటి జంతువు) కనిపిస్తే రోడ్డు మధ్యలో ఆపకండి, కనీసం 75 అడుగుల దూరంలో ఉండండి.

రోడ్డు అవతలి చివరన, పడమటి వైపున్న గ్రాండ్ లేక్ ఊరికి దిగితే డెన్వర్‌కు తిరుగు దారిలో 11,307 అడుగుల బెర్తూడ్ పాస్ అనే కనుమ కూడా ఎక్కాలి. పైన ఎవరికైనా ఇబ్బంది అనిపించి ఉంటే గ్రాండ్ లేక్ వదిలేసి, ఆల్పైన్ విజిటర్ సెంటర్ నుంచే ఎస్టెస్ పార్క్‌కు వెనక్కి తిరగండి.