రోజూ చూసే లింకులన్నీ ఒకేసారి తెరవడానికి చిన్న పైథాన్ స్క్రిప్ట్

పొద్దున లేవగానే టీజీపీఎస్సీ, ఏపీపీఎస్సీ, స్టాఫ్ సెలక్షన్ కమిషన్, రైల్వే రిక్రూట్‌మెంట్ సైట్లు, రెండు ఈ-పేపర్లు, ఇంకో నాలుగైదు కరెంట్ అఫైర్స్ పేజీలు ఒక్కొక్కటే టైప్ చేసి తెరిచేవాళ్ల కోసం, పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో రాసుకునే చిన్న ప్రోగ్రామ్ (స్క్రిప్ట్) ఇది.

ముందే చెప్తున్నా, మీ లిస్టు ఎప్పుడూ మారదంటే స్క్రిప్ట్ జోలికే పోవద్దు. క్రోమ్‌లో అన్నిటినీ ఒక బుక్‌మార్క్ ఫోల్డర్‌లో పెట్టి, దాని మీద రైట్ క్లిక్ కొట్టి ‘ఓపెన్ ఆల్’ అంటే పని అయిపోయినట్టే. సోమవారం కొన్ని, మిగతా రోజుల్లో వేరే కొన్ని తెరవాలన్నా, వాట్సాప్‌లో వచ్చిన యాభై లింకుల్ని పదేసి చొప్పున చూడాలన్నా అప్పుడు స్క్రిప్ట్ కావాలి.

చాలామంది ఏదో వీడియో చూసి నేరుగా సెలీనియం (బ్రౌజర్‌ని కోడ్‌తో నడిపించే టూల్) ఇన్‌స్టాల్ చేస్తారు. నేనూ అదే చేశా. తీరా చూస్తే లాగిన్లేవీ లేని ఖాళీ క్రోమ్ తెరుచుకుంది, ఎందుకంటే అది మామూలుగా ప్రతిసారీ కొత్త తాత్కాలిక ప్రొఫైల్‌తో మొదలవుతుంది. పైగా స్క్రిప్ట్ అయిపోగానే బ్రౌజర్ కూడా మూసుకుపోయింది, అది మూసుకుపోకుండా ఉండాలంటే ‘డిటాచ్’ అనే ఆప్షన్ పెట్టాలని తర్వాతెప్పుడో తెలిసింది. ఊరికే పేజీలు తెరవడానికి ఇంత హంగామా ఎందుకండీ? పైథాన్‌తో పాటే ‘వెబ్‌బ్రౌజర్’ అనే మాడ్యూల్ (ముందే రాసిపెట్టిన కోడ్) వస్తుంది, మీ డిఫాల్ట్ బ్రౌజర్‌లోనే తెరుస్తుంది, కాబట్టి లాగిన్లు ఎక్కడివక్కడే ఉంటాయి.

నోట్‌ప్యాడ్‌లో లైనుకో లింక్ చొప్పున రాసి, స్క్రిప్ట్ ఉన్న ఫోల్డర్‌లోనే సేవ్ చేయండి. హెచ్‌టీటీపీఎస్‌తో సహా పూర్తి అడ్రస్ ఉండాలి, లేకపోతే దాన్ని ఫైలు పేరనుకునే ప్రమాదం ఉంది. స్క్రిప్ట్‌లో ముందు ‘వెబ్‌బ్రౌజర్’, ‘టైమ్’ మాడ్యూళ్లను ఇంపోర్ట్ చేసి, ఫైలు తెరిచి, ఫర్ లూప్‌తో ఒక్కో లైను చదవాలి. ప్రతి లైనుకీ ‘స్ట్రిప్’ తప్పనిసరి, లైను చివరి ఎంటర్ గుర్తును తీసేసేది అదే. లైను ఖాళీగా ఉంటే దాన్ని వదిలేసి తర్వాతి లైనుకి వెళ్లడానికి ‘కంటిన్యూ’. మిగిలినదాన్ని ‘ఓపెన్ న్యూ ట్యాబ్’ ఫంక్షన్‌కి ఇవ్వండి, కోడ్‌లో ఆ మూడు పదాలూ చిన్న అక్షరాల్లో, మధ్యలో అండర్‌స్కోర్‌తో రాయాలి. ఆ తర్వాత ‘టైమ్ డాట్ స్లీప్’తో రెండు సెకన్లు ఆపండి.

ఈ ఆపడం అనవసరం అనుకోవద్దు. 4 జీబీ ర్యామ్ ఉన్న నా పాత లాప్‌టాప్‌లో నలభై ట్యాబులు ఒక్కసారిగా తెరిస్తే మౌస్ కూడా కదల్లేదు, చివరికి పవర్ బటన్ నొక్కి పట్టుకోవాల్సి వచ్చింది. అందుకే ఇప్పుడు పది అవ్వగానే ‘ఇన్‌పుట్’ ఫంక్షన్ పెట్టి, ఎంటర్ కొడితేనే తర్వాతి పది వచ్చేలా చేసుకున్నా. ఒకే సైటులోని లింకులు చాలా ఉంటే గ్యాప్ ఇంకా పెంచండి, లేదంటే 429 ఎర్రర్ రావచ్చు, అంటే తక్కువ టైములో మరీ ఎక్కువసార్లు అడుగుతున్నారని సర్వర్ చెప్తున్నట్టు.

రోజును బట్టి మార్చాలంటే ‘డేట్‌టైమ్’ మాడ్యూల్‌లో ‘వీక్‌డే’ ఉంది, అందులో సోమవారం 0, ఆదివారం 6. ఒక్కో రోజుకి ఒక్కో ఫైలు పెట్టుకుంటే సరిపోతుంది.

తెరవడంతో పాటు బటన్ నొక్కాలి, పేజీలో ఫలానా పదం ఉందో లేదో వెతకాలి అంటే మాత్రం ‘వెబ్‌బ్రౌజర్’ చాలదు, సెలీనియం లాంటిది కావాలి. క్రోమ్‌ని నడపడానికి దానికి కావాల్సిన క్రోమ్ డ్రైవర్ అనే ప్రోగ్రామ్‌ని 4.6 వెర్షన్ నుంచి సెలీనియమే తెచ్చుకుంటుంది, మనం వెతుక్కునే బాధ తప్పింది. అందులో పేజీ తెరిచే ‘గెట్’ కమాండ్, పేజీ పూర్తిగా లోడ్ అయ్యేదాకా ఆగుతుంది, నెమ్మది సైట్లతో విసుగొస్తే పేజీ లోడ్ స్ట్రాటజీని ‘ఈగర్’కి మార్చండి, బొమ్మల కోసం ఎదురుచూడదు.