అండర్-17 ఆసియా కప్ క్వాలిఫయర్స్: ఏ జట్టు ముందుకెళ్తుందో లెక్క కట్టడం ఎలా?

ఐపీఎల్ చూసి చూసి మనకో అలవాటు అయిపోయింది. రెండు జట్ల పాయింట్లు సమానమైతే చూపు నేరుగా నెట్ రన్ రేట్ మీదకి పోతుంది. ఫుట్‌బాల్‌కి వచ్చేసరికి అదే అలవాటుతో గోల్ తేడా (కొట్టిన గోల్స్‌లోంచి తిన్నవి తీసేస్తే మిగిలేది) వెతుకుతాం. ఆసియా ఫుట్‌బాల్ సమాఖ్య నడిపే అండర్-17 క్వాలిఫయర్స్‌లో అలా వెతికితే తప్పు జవాబు రావచ్చు.

1. గ్రూప్ నుంచి ఎన్ని బెర్తులో ముందు తెలుసుకోండి

ఇది ఏటా ఒకేలా ఉండదు. 2026 టోర్నీకి ఏడు గ్రూపులు పెట్టారు, ఒక్కో గ్రూప్ విజేతకే బెర్తు. మిగతా తొమ్మిది జట్లు 2025 అండర్-17 ప్రపంచ కప్ ఆడినవి, వాటికి క్వాలిఫయర్స్ గొడవే లేదు. రెండో స్థానంతో పనిలేదని తెలిస్తే సగం లెక్క తగ్గిపోతుంది.

2. పట్టికను పక్కనపెట్టి, ఫలితాలు విడిగా రాసుకోండి

ఇండియా ఉన్న గ్రూప్ మ్యాచ్‌లు 2025 నవంబర్‌లో అహ్మదాబాద్‌లో జరిగాయి. పాలస్తీనాతో 1-1 డ్రా, చైనీస్ తైపేపై 3-1 గెలుపు, లెబనాన్ చేతిలో 0-2 ఓటమి. మూడు మ్యాచ్‌లకు 4 పాయింట్లు. గ్రూప్‌లో ఐదు జట్లుంటే ప్రతి రౌండ్‌లో ఒకరికి విశ్రాంతి తప్పదు. అందుకే ఎవరు ఎన్ని మ్యాచ్‌లు ఆడారో పక్కనే రాసుకోవాలి. మధ్యలో పట్టిక చూసి కంగారుపడేవాళ్లు చాలామంది ఇది మర్చిపోతారు.

3. పాయింట్లు సమానమైతే, ఎవరు ఎవరిని ఓడించారో చూడండి

అసలు కీలకం ఇక్కడే. అదే గ్రూప్‌లో ఇండియా చివరి మ్యాచ్ ఇరాన్‌తో. దానికి ముందు ఇరాన్‌కు 7, ఇండియాకు 4 పాయింట్లు. ఇరాన్‌కు డ్రా అయినా చాలు. ఇండియా గెలవాల్సిందే, కానీ ఎంత తేడాతోనన్నది అక్కర్లేదు. గెలిస్తే ఇద్దరికీ 7 అవుతాయి, ముఖాముఖి పోరులో గెలిచినవాళ్లే పైన ఉంటారు. ముందు గోల్ తిన్నా తేరుకుని ఇండియా 2-1తో గెలిచింది. మొత్తం నాలుగు మ్యాచ్‌లు కలిపి మన గోల్ తేడా ప్లస్ ఒకటే! అయినా బెర్తు మనకే వచ్చింది.

4. మూడు జట్లు సమానమైతే చిన్న పట్టిక వేయండి

ఆ మూడు జట్లు తమలో తాము ఆడిన మ్యాచ్‌లు మాత్రమే తీసుకోండి. మొదట వాటిలో పాయింట్లు, తర్వాత గోల్ తేడా, ఆ తర్వాత కొట్టిన గోల్స్. రెండు జట్లు ఇంకా సమానంగానే మిగిలితే ఆ రెండింటికే ఈ లెక్క మళ్లీ మొదటి నుంచి చేయాలి. ఇవన్నీ అయ్యాకే గ్రూప్ మొత్తం గోల్ తేడా వంతు వస్తుంది.

కాబట్టి బలహీనమైన జట్టు మీద గోల్స్ వర్షం కురిపించామని సంబరపడితే లాభం తక్కువ. 2024 క్వాలిఫయర్స్‌లో ఇండియా బ్రూనైని 13-0తో చిత్తుచేసి, తుర్క్‌మెనిస్తాన్‌ను 1-0తో ఓడించింది. చివరి మ్యాచ్‌లో థాయ్‌లాండ్ చేతిలో 2-3తో ఓడి ఇంటికొచ్చేసింది. టెన్షన్ పడాల్సింది ఎప్పుడూ సమ ఉజ్జీతో మ్యాచ్ గురించే.

5. అప్పటికీ తేలకపోతే

ఇది అరుదు. సమానంగా ఉన్న రెండు జట్లూ చివరి మ్యాచ్ ఒకదాంతో ఒకటి ఆడుతుంటే అక్కడికక్కడే పెనాల్టీ షూటౌట్ పెడతారు. లేదంటే కార్డుల లెక్క చూస్తారు: ఎల్లో కార్డుకు ఒకటి, రెడ్ కార్డుకు మూడు చొప్పున. చివరాఖరికి చీటీలు.

6. రెండో స్థానానికీ అవకాశం ఉన్న ఏడాదైతే

అప్పుడు వేర్వేరు గ్రూపుల్లో రెండో స్థానంలో ఉన్న జట్లను పోల్చాలి. అవి ఒకదాంతో ఒకటి ఆడవు కాబట్టి ముఖాముఖి లెక్క పనికిరాదు. ఇక్కడ పాయింట్ల తర్వాత గోల్ తేడాయే దిక్కు. 2022లో సౌదీ అరేబియాలోని దమ్మామ్‌లో ఆతిథ్య సౌదీ జట్టు చేతిలో ఇండియా 1-2తో ఓడినా, ఉత్తమ రెండో స్థానం జట్లలో ఒకటిగా 2023 టోర్నీకి వెళ్లింది. అయితే ఒక మెలిక ఉంది. కొన్ని గ్రూపుల్లో నాలుగు, కొన్నింట్లో ఐదు జట్లుంటే, పోలిక సమంగా ఉండాలని ఐదో స్థానం జట్టుతో ఆడిన మ్యాచ్ ఫలితాన్ని తీసేస్తారు. ఆ మ్యాచ్‌లో కొట్టిన గోల్స్ కూడా పోతాయి. కాబట్టి ఐదో స్థానం ఎవరిదో తేలేదాకా ఈ లెక్కను పెన్సిల్‌తోనే రాసుకోండి.