జపాన్ సెకండ్ హ్యాండ్ ల్యాప్‌టాప్‌లో విండోస్‌ని ఇంగ్లీష్‌లోకి మార్చడం ఎలా?

టోక్యోలో నిషికసాయ్ చుట్టుపక్కల మనవాళ్లు ఎక్కువ. కొత్తగా దిగిన కుర్రాళ్లు రెండు వారాలు తిరక్కుండానే ఎలక్ట్రానిక్స్ దుకాణాల అడ్డా అకిహబారా వెళ్లి సెకండ్ హ్యాండ్ ల్యాప్‌టాప్ ఒకటి చవగ్గా పట్టుకొస్తారు. ఆ తర్వాతి ఆదివారం పొద్దున్నే నాకు ఫోన్. "అన్నా, ఆన్ చేస్తే అన్నీ జపనీస్‌లోనే వస్తున్నాయి." ఏమీ ముట్టుకోకముందు చేస్తే అది అరగంట పని. కానీ అప్పుడు చేయరు. ఏదో వీడియో చూసి, కనిపించినవన్నీ నొక్కేసి, పాస్‌వర్డ్ పనిచేయడం మానేశాక చేస్తారు. అందుకే ఇది ఒక్కసారి రాసి పెడుతున్నాను.

కావలసినవి: ఛార్జర్, వైఫై, అడ్మిన్ హక్కులున్న అకౌంట్. అంతే. ఫోన్ కెమెరా పెట్టి స్క్రీన్‌ని అనువదించుకుంటూ పోవద్దు. అనువాదంలో మూడు బటన్లకూ ఒకే మాట వస్తుంది, మీరు తప్పుదే నొక్కుతారు. మెనూలు ఏ భాషలో ఉన్నా బొమ్మలు, వాటి చోటు మారవు. వాటిని పట్టుకుని వెళ్లండి.

ముందు కీబోర్డ్ సంగతి. మీరు ఇంగ్లీష్ అక్షరాలు కొడుతుంటే జపాన్ అక్షరాలు పడుతున్నాయా? ఎస్కేప్ కింద, 1కి ఎడమ పక్కన ఉన్న కీని ఒకసారి నొక్కండి. టాస్క్‌బార్ కుడి మూల మెలికల జపాన్ అక్షరం పోయి ఇంగ్లీష్ ‘ఎ’ కనిపిస్తే సరే.

ఇప్పుడు విండోస్ కీతో పాటు ‘ఆర్’ నొక్కండి. చిన్న పెట్టె వస్తుంది. అందులో డబ్ల్యూ, ఐ, ఎన్, వి, ఇ, ఆర్ అని ఖాళీ లేకుండా కొట్టి ఎంటర్ నొక్కండి. వచ్చే కిటికీలో చుట్టూ జపనీస్ ఉన్నా ఎడిషన్ పేరు ఇంగ్లీష్‌లోనే ఉంటుంది. హోమ్ అనో ప్రో అనో ఉంటే ముందుకు వెళ్లండి. ఆఫీసుల నుంచి వచ్చిన పాత మెషీన్లలో ప్రోనే ఎక్కువ చూశాను. ‘హోమ్ సింగిల్ లాంగ్వేజ్’ అని ఉంటే మాత్రం ఆగండి. దాని లైసెన్సు ఒక్క భాషకే. ఇండియాలో కొన్న ల్యాప్‌టాప్‌లలో ఇది మామూలు. దానికి ప్రోకి అప్‌గ్రేడ్ కొనాలి, లేదా విండోస్‌ని మొదటి నుంచీ ఇంగ్లీష్‌లో వేసుకోవాలి.

ఇక్కడ చాలామంది అడిగేది: "అన్నా, ఏ ఎడిషన్ అయినా ఫార్మాట్ కొట్టేస్తే పోలా?" పోదు. విండోస్ 8 కాలం నుంచి కంపెనీ కీ మదర్‌బోర్డులోనే ఉంటుంది కాబట్టి అదే ఎడిషన్ మళ్లీ వేస్తే యాక్టివేషన్ దానంతటదే అవుతుంది, నిజమే. కానీ జపాన్ మోడళ్లలో కంపెనీ ఇచ్చిన డ్రైవర్లు (ల్యాప్‌టాప్ భాగాలను నడిపే చిన్న ప్రోగ్రాములు) పోతే బ్రైట్‌నెస్ కీలు పనిచేయకపోవచ్చు, టచ్‌ప్యాడ్ సరిగ్గా కదలకపోవచ్చు, ఒక్కోసారి వైఫై కూడా ఉండదు. వాటిని వెతకాలంటే వెళ్లాల్సింది జపనీస్ సైట్‌కే. సెట్టింగ్స్‌లో ఉండే ‘రీసెట్’ కూడా వద్దు. గంటసేపు తిరిగి తిరిగి సాధారణంగా మళ్లీ జపనీస్‌లోనే పలకరిస్తుంది. ఫార్మాట్ అనేది చివరి మందు. తలనొప్పికి మొదటి రోజే ఆపరేషన్ ఎవరూ చేయించుకోరు కదా.

భాష దింపడం సులభం. మళ్లీ విండోస్ కీతో ‘ఆర్’. పెట్టెలో ఎం, ఎస్, ఒక అడ్డగీత (హైఫన్), తర్వాత ఇంగ్లీష్‌లో సెట్టింగ్స్, ఒక కోలన్, ఆ తర్వాత రీజియన్ లాంగ్వేజ్ రెండూ కలిపి, అన్నీ చిన్న అక్షరాల్లో, ఎక్కడా ఖాళీ లేకుండా కొట్టండి. నేరుగా భాషల పేజీ తెరుచుకుంటుంది. జపాన్ కీబోర్డులో కోలన్ కోసం షిఫ్ట్ వెతకొద్దు, దానికి విడిగా కీ ఉంది. విండోస్ 11లో పైవరుస స్క్రీన్ భాష, దాని కిందిది భాషల జాబితా. రెండో వరుస కుడి చివరి బటన్ నొక్కండి. విండోస్ 10లో అయితే కూడిక గుర్తు ఉంటుంది. వెతుకు పెట్టెలో ఇంగ్లీష్ అని కొడితే పేర్లు వాటి సొంత లిపిలోనే వస్తాయి.

ఇంగ్లీష్, యునైటెడ్ స్టేట్స్. ఇంకేదీ వద్దు. ఇంగ్లీష్ ఇండియా ఎందుకు వద్దని అడుగుతారు. ఇంగ్లీష్‌కి స్క్రీన్ భాషా ప్యాక్‌లు రెండే, అమెరికన్, బ్రిటిష్. ఇండియా పెట్టినా చివరికి బ్రిటిష్ దగ్గరికే వెళుతుంది. తేదీలు మన పద్ధతిలో కావాలంటే అది తర్వాత విడిగా మార్చుకోవచ్చు. తర్వాతి తెరలో టిక్కులు కొన్ని ఉంటాయి. విండోస్ 11లో అన్నిటికన్నా కిందిది ‘దీన్నే స్క్రీన్ భాషగా పెట్టు’ అనేది. దాన్ని ఖాళీగా వదిలేయండి. ప్యాక్ పూర్తిగా దిగే వరకు టీ తాగండి.

ఇక అసలు గండం. అందరూ బోల్తా పడేది ఇక్కడే, కాబట్టి రెండుసార్లు చదవండి.

జపాన్ కీబోర్డులో ‘@’ గుర్తు ‘పి’ పక్కన ఉంటుంది. షిఫ్ట్ పట్టుకుని 2 నొక్కితే కొటేషన్ గుర్తు పడుతుంది. మీరు అమెరికన్ ఇంగ్లీష్ చేర్చగానే దానితో పాటు అమెరికన్ కీబోర్డ్ అమరిక కూడా వస్తుంది. అది అమల్లోకి వచ్చాక ‘@’ అని ముద్రించిన కీ నొక్కితే చదరపు బ్రాకెట్ పడుతుంది, ‘@’ షిఫ్ట్ 2లోకి వెళ్లిపోతుంది. కీల మీద ముద్ర మాత్రం పాతదే. మనవాళ్ల పాస్‌వర్డుల్లో ‘@123’ లేనిది ఎన్ని చూశారు? లాగిన్ పెట్టెలో అక్షరాలు చుక్కలుగానే కనబడతాయి కాబట్టి తప్పు ఎక్కడుందో తెలియదు. అయిదుసార్లు కొట్టి, ఎవరో హ్యాక్ చేశారని టెన్షన్ పడి నాకు ఫోన్ చేస్తారు. ఒకబ్బాయి ఏకంగా దుకాణానికి తీసుకెళ్లి మొత్తం తుడిపించేసుకున్నాడు. అతని పాస్‌వర్డ్‌కు ఏమీ కాలేదు, ఒక్క గుర్తు పక్క కీలోకి జరిగింది, అంతే.

కాబట్టి స్క్రీన్ భాష మార్చడానికి ముందే, పాస్‌వర్డ్ ఇంకా పనిచేస్తున్నప్పుడే, పిన్ పెట్టుకోండి. విండోస్ కీతో ‘ఆర్’, ముందు కొట్టినట్టే కోలన్ వరకు కొట్టి, ఆ తర్వాత సైన్ ఇన్ ఆప్షన్స్ అని మూడు మాటలూ కలిపేయండి. చుక్కల మీటల బొమ్మ ఉన్నది పిన్. అంకెలు రెండు అమరికల్లోనూ ఒకే చోట ఉంటాయి కాబట్టి అంకెల పిన్ మోసం చేయదు. అక్షరాలు, గుర్తులు కలిపే టిక్ ముట్టుకోవద్దు.

తర్వాత నోట్‌ప్యాడ్ తెరిచి మీ పాస్‌వర్డ్ కొట్టి చూడండి. విండోస్ కీతో స్పేస్ నొక్కితే అమరిక మారుతుంది. మార్చి మళ్లీ కొట్టండి. రెండిటిలో ఏ గుర్తు ఎక్కడికి పోయిందో కాగితం మీద రాసుకుని, నోట్‌ప్యాడ్‌ని సేవ్ చేయకుండా మూసేయండి. ఈ పని పిచ్చిగా అనిపిస్తుంది. చేయండి.

ఇప్పుడు భాషల పేజీకి వెళ్లి పైవరుసలో ఇంగ్లీష్ ఎంచుకోండి. సైన్ అవుట్ చేయమంటుంది, చేయండి. పిన్‌తో లోపలికి వస్తే అంతా ఇంగ్లీష్. జపనీస్‌ని జాబితాలోంచి ఇప్పుడే తీసేయకండి! ఆ ఆత్రం వల్లే సగం కేసులు నా దగ్గరికి వస్తాయి. కనీసం రెండు రీస్టార్టులు అయ్యే దాకా ఉండనివ్వండి. నన్నడిగితే అసలు తీయకూడదు. సెట్టింగ్స్‌లో టైపింగ్, అందులో అడ్వాన్స్‌డ్ కీబోర్డ్ సెట్టింగ్స్‌కి వెళ్లి, డిఫాల్ట్ ఇన్‌పుట్‌గా జపనీస్‌నే పెట్టుకోండి. స్క్రీన్ ఇంగ్లీష్‌లోనే ఉంటుంది, కీ మీద ఏది రాసి ఉంటే అదే పడుతుంది. కీల మీద స్టిక్కర్లు అంటించేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. నెలకే అంచులు లేచి వేళ్లకు జిగురు అంటుకుంటుంది.

ఇంకొక్కటి మిగిలింది, దాన్ని దాదాపు అందరూ వదిలేస్తారు. లాగిన్ తెర ఇంకా జపనీస్‌లోనే ఉంటుంది, ఫోల్డర్ దారుల్లో వెనక గీతకు (బ్యాక్‌స్లాష్) బదులు యెన్ గుర్తు కనిపిస్తుంటుంది. విండోస్ కీతో ‘ఆర్’, ఐ, ఎన్, టి, ఎల్, చుక్క, సి, పి, ఎల్. అడ్మినిస్ట్రేటివ్ ట్యాబ్‌లో కాపీ సెట్టింగ్స్ నొక్కి, కింద ఉన్న రెండు టిక్కులూ పెట్టండి. గుర్తుంచుకోండి, దీనితో లాగిన్ తెర కీబోర్డ్ కూడా మారిపోవచ్చు. ఇందాకటి కాగితం, పిన్ దీనికోసమే. పెట్టెలో అనుమానం వస్తే కుడి చివరి కంటి బొమ్మ నొక్కి చూసుకోండి.

అదే ట్యాబ్‌లో చేంజ్ సిస్టమ్ లొకేల్ (పాత ప్రోగ్రాములు ఏ భాష అక్షరాలు చూపాలో చెప్పేది) కూడా అమెరికన్ ఇంగ్లీష్‌కి మార్చండి. ఇంట్లో ఎవరైనా పాత పేజ్‌మేకర్‌లో ‘అను’ అనే తెలుగు ఫాంట్లతో పనిచేస్తుంటే ఇది తప్పనిసరి. జపనీస్ లొకేల్‌లో ఆ తెలుగు చిందరవందర అయిపోతుంది. అక్కడే కింద బీటా అని యూటీఎఫ్ 8 టిక్ ఒకటి ఊరిస్తుంటుంది, పెట్టొద్దు. రీస్టార్ట్ చేయండి.

తెలుగు రాయాలంటే అదే భాషల జాబితాలో తెలుగు చేర్చుకోండి. 2019 మే అప్‌డేట్ నుంచి ఫొనెటిక్ కీబోర్డ్ విండోస్‌లోనే ఉంది, ఇంగ్లీష్ అక్షరాలతో కొడితే తెలుగు పడుతుంది. స్క్రీన్ మొత్తం తెలుగులో పెట్టుకోవడమూ కుదురుతుంది, కానీ నేను పెట్టనివ్వను. రేపు ఏదైనా ఆగిపోతే ఫోన్‌లో "ఏ బటన్ కనిపిస్తోంది?" అని అడగాల్సింది నేనే.